జేబులో పట్టే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ ఎలా కట్టుకోవాలి?

సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓంల హెడ్‌ఫోన్‌ని ఫోన్‌కు తగిలిస్తే, వాల్యూమ్ చివరిదాకా పెంచినా పాట నీరసంగానే వినిపిస్తుంది. దానికి కావలసినంత వోల్టేజీని ఫోన్ ఇవ్వలేదు. ఈ లోటు తీర్చడానికి చూ మోయ్ రూపొందించిన చిన్న సర్క్యూట్‌కి ఆయన పేరు మీదే ‘సీమోయ్’ అని పేరొచ్చింది. ఆల్టాయిడ్స్ పిప్పరమెంట్ డబ్బాలో బ్యాటరీతో సహా ఇమిడిపోతుంది. 16 ఓంల ఇయర్‌ఫోన్లు వాడేవారికి మాత్రం దీనితో పెద్ద లాభం లేదు.

కావలసినవి

ఓపీఏ2134 ఐసీ (సిగ్నల్‌ని పెంచే చిప్ ఇదే, ఎడమ కుడి రెండు ఛానళ్లకూ సరిపోతుంది), దానికి 8 పిన్నుల బేస్, 9 వోల్టుల బ్యాటరీ, క్లిప్, 220 మైక్రోఫారాడ్ 25 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు 2, 0.1 మైక్రోఫారాడ్ ఫిల్మ్ కెపాసిటర్లు 2, రెసిస్టర్లు (4.7కె 4, 100కె 2, 1కె 2; కె అంటే వెయ్యి ఓంలు), స్విచ్ ఉన్న 10కె స్టీరియో వాల్యూమ్ పాట్ (తిప్పి శబ్దం పెంచే, తగ్గించే భాగం), 3.5 ఎంఎం స్టీరియో సాకెట్లు 2, పెర్ఫ్ బోర్డు (సోల్డర్ చేసుకునే చిల్లుల బోర్డు). హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో వెతకండి. ఐసీ మాత్రం నమ్మకమైన చోటే కొనండి, ఈ నంబరు ముద్రించిన నకిలీలు చాలా తిరుగుతున్నాయి.

1. ముందు పవర్, తర్వాతే మిగతాది

ఈ సర్క్యూట్‌కి ప్లస్, మైనస్, మధ్యలో గ్రౌండ్ కావాలి. మన దగ్గరున్నది ఒక్కటే బ్యాటరీ. అందుకే రెండు 4.7కె రెసిస్టర్లను వరుసగా కలిపి, బ్యాటరీ రెండు కొసలకూ తగిలించండి (ప్లస్ తీగ పాట్ మీదున్న స్విచ్ గుండా రావాలి). అవి కలిసే చోటే మన గ్రౌండ్. ఒక్కో రెసిస్టర్‌కి అడ్డంగా ఒక 220 మైక్రోఫారాడ్ కెపాసిటర్ పెట్టండి. మొదటిదాని ప్లస్ కాలు బ్యాటరీ ప్లస్‌కి, రెండోదాని ప్లస్ కాలు మధ్య బిందువుకి రావాలి. మల్టీమీటర్‌తో మధ్య నుంచి రెండు వైపులా కొలవండి. చెరో 4.5 వోల్టులు, అటూ ఇటూ సమానంగా రావాలి. రాకపోతే ముందుకు వెళ్లొద్దు. ఈ సర్క్యూట్‌లో వచ్చే చిక్కులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

2. పాట నడిచే దారి

ఎడమ ఛానల్: ఇన్‌పుట్ సాకెట్ నుంచి పాట్, పాట్ మధ్య కాలు నుంచి 0.1 కెపాసిటర్, అక్కడి నుంచి ఐసీ 3వ పిన్. పాట్ మూడో కాలు గ్రౌండ్‌కి. 3వ పిన్ నుంచి గ్రౌండ్‌కి 100కె, 2వ పిన్ నుంచి గ్రౌండ్‌కి 1కె, 1, 2 పిన్నుల మధ్య 4.7కె. 1వ పిన్నే అవుట్‌పుట్, అది హెడ్‌ఫోన్ సాకెట్‌కి. కుడి ఛానల్‌కి ఇదే పని 5, 6, 7 పిన్నులతో. 8వ పిన్ బ్యాటరీ ప్లస్‌కి, 4వ పిన్ మైనస్‌కి. రెండు సాకెట్ల గ్రౌండ్ కాళ్లూ మధ్య బిందువుకే.

ఇక్కడ గెయిన్, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ లెక్క, 1 + (4.7కె ÷ 1కె) = 5.7. మూల డిజైన్‌లో ఈ 4.7కె బదులు 10కె వాడి 11 రెట్లు పెంచారు. ఈ కాలపు హెడ్‌ఫోన్లకు అది ఎక్కువ. పాట్ కొంచెం తిప్పగానే చెవులు అదిరిపోతాయి, పైగా ఆ మొదటి మలుపులోనే ఎడమా కుడీ సమానంగా పలకవు.

3. హెడ్‌ఫోన్ పెట్టే ముందు

ఐసీని బేస్‌లో గుచ్చి, స్విచ్ వేసి, 1, 7 పిన్నుల దగ్గర గ్రౌండ్‌తో పోల్చి డీసీ (పాట లేకున్నా ఉండే స్థిర వోల్టేజీ) కొలవండి. కొద్ది మిల్లీవోల్టులే ఉండాలి. 50 దాటితే ఎక్కడో సోల్డర్ తప్పింది. ఆ డీసీ హెడ్‌ఫోన్ కాయిల్‌ని పాడు చేస్తుంది. మొదటి పరీక్ష పాత ఇయర్‌ఫోన్‌తోనే చేయండి.

4. డబ్బాలో అమర్చడం

లోహపు సాకెట్ బిగిస్తే రేకు డబ్బా మొత్తం గ్రౌండ్ అవుతుంది. బ్యాటరీ మైనస్ తీగ దానికి తగిలితే సగం సప్లై షార్ట్ అయినట్టే. లోపల అట్టముక్క పరిచి, బోర్డు అడుగున టేప్ వేయండి. బ్యాటరీ బదులు అడాప్టర్ పెట్టాలనుకునేవారికీ ఇదే హెచ్చరిక: పాట వచ్చే ఫోన్‌ని, దీన్ని ఒకే చార్జర్‌కి కలపకండి, అలా చేస్తే మన గ్రౌండ్, మైనస్ ఫోన్ ద్వారా కలిసిపోతాయి.

ఇది సుమారు 10 మిల్లీయాంపియర్లు తాగుతుంది. పెద్ద శబ్దాల దగ్గర గొంతు చీరినట్టు వినిపిస్తే బ్యాటరీ కొలిచి చూడండి, 7 వోల్టుల కిందికి దిగి ఉంటే మార్చేయండి.