కిచెన్ బాక్సుల బిగింపు: షట్టర్ వంకరైతే ముందు కాళ్ళు చూడండి

కిచెన్ బాక్స్ తలుపు, అంటే షట్టర్, కాస్త వంకరగా కనిపించగానే అందరి చెయ్యీ హింజి స్క్రూ మీదకే పోతుంది. తప్పు మాత్రం చాలాసార్లు షట్టర్‌లో ఉండదు. దాన్ని మోసే బాక్స్ మెలితిరిగి ఉంటుంది, బాక్స్‌ను మోసే కాలు నేలకు ఆని ఉండదు, లేదా బాక్స్ వేలాడే గోడే స్క్రూను వదిలేస్తూ ఉంటుంది. అందుకే కింద నుంచి పైకి వెతకాలి: నేల, కాళ్ళు, గోడ, బాక్స్, ఆఖర్న హింజి.

టేపు, రెండడుగుల రసమట్టం, మూలమట్టం, స్టార్ స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టుకోండి. చెన్నైలో ఇంటికి పని చేయడానికి వచ్చే కార్పెంటర్‌కు తెలుగు రాకపోయినా ఇబ్బంది లేదు. ‘మట్టం’ అన్న మాట తమిళంలోనూ అదే.

షట్టర్ల పై అంచులు ఒక వరసలో లేవు, మధ్య సందు పైన సన్నగా కింద వెడల్పుగా ఉంది

షట్టర్ తెరిచి బాక్స్ ముందు భాగంలో మూల నుంచి ఎదురు మూలకు రెండు కర్ణాలూ కొలవండి. తేడా 2 మి.మీ. దాటితే బాక్సే చదరం తప్పింది. దానికి కారణాలు ముఖ్యంగా రెండు. ఒకటి, నేల వాలు. పాత ఫ్లాట్లలో వంటింటి నేల నీళ్ళు పోయే వైపు వాలుగా ఉంటుంది. బిగించేవాళ్ళు ఎత్తైన చోట మొదలుపెట్టకపోతే ఏదో ఒక కాలు గాలిలో తేలుతుంది. రెండోది, వెనక గోడలో లొత్త. అక్కడ చెక్కముక్క పెట్టకుండా స్క్రూ బిగిస్తే గోడ బాక్స్‌ను వెనక్కి లాగి మెలిపెడుతుంది.

కింది స్కర్టింగ్ పట్టీ క్లిప్పుల మీదే ఉంటుంది, ముందుకు లాగితే ఊడి వస్తుంది. ఒక్కొక్క కాలినీ వేలితో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగేది బరువు మోయడం లేదని అర్థం. పైన రాయి ఇంకా వేయకపోతే పని సులువు: గోడ స్క్రూలు వదులు చేసి, కాళ్ళతో మట్టం తెచ్చి, లొత్త ఉన్నచోట ముక్క పెట్టి, మళ్ళీ బిగించండి. పక్క బాక్స్‌తో కలిపేటప్పుడు ముందు అంచులు సమంగా ఉంచి క్లాంప్ వేయండి. రెండు 18 మి.మీ. పలకలు కలిస్తే 36 మి.మీ. కనుక 30 మి.మీ. స్క్రూ వాడాలి. 40 వాడితే మొన అవతలికి వచ్చి చెయ్యి కోసుకుంటుంది.

రాయి వేసేశాక మాత్రం కాలు తిప్పి బాక్స్‌ను పైకి లేపకండి. పదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 20 మి.మీ. మందం ఉన్న గ్రానైట్ దాదాపు 100 కిలోలు ఉంటుంది. గట్టి నల్ల గ్రానైట్ చీమకుర్తి గెలాక్సీ అయినా ఒక్క చోట ఎత్తితే సింక్ కోత దగ్గరో స్టవ్ కోత దగ్గరో చీలుతుంది. తేలుతున్న కాలిని నేలకు ఆనేదాకా దించి ఆపండి. మిగతా తేడా హింజితో సర్దుకోండి.

ఇక హింజి. షట్టర్‌కు దగ్గరగా ఉన్న స్క్రూ పక్కలకు జరుపుతుంది, వెనక ఉన్నది లోపలికీ బయటికీ, ప్లేట్ మీద ఉన్నవి పైకీ కిందికీ. ఒకసారికి అర తిప్పుకన్నా ఎక్కువ వద్దు. వంకర తీయాలంటే పై హింజిని ఒకవైపు, కింది హింజిని దానికి ఎదురువైపు తిప్పండి. స్క్రూ చివరిదాకా తిరిగినా సరిపడకపోతే పెట్టిన హింజి రకమే తప్పు. హింజి చేతిలోని వంపునే క్రాంక్ అంటారు. చివరి పలకను పూర్తిగా కప్పే షట్టర్‌కు జీరో క్రాంక్, ఒకే పలకను రెండు షట్టర్లు పంచుకునే చోట 8 క్రాంక్, బాక్స్ లోపలికి కూర్చునే షట్టర్‌కు 16 క్రాంక్ కావాలి. మధ్య పలకకు కూడా జీరో క్రాంక్ వేసేస్తే షట్టర్లు ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి. మార్చడం తప్ప దారి లేదు.

పై బాక్స్‌కూ గోడకూ మధ్య సన్నటి సందు కొత్తగా కనిపిస్తోంది

ఇది రేపటిదాకా ఆగే పని కాదు. సామాన్లన్నీ ఇప్పుడే దించేయండి. 900 మి.మీ. బాక్స్‌లో స్టీలు గిన్నెలూ పింగాణీ ప్లేట్లూ నిండితే బరువు 50 కిలోలు దాటగలదు. కింద స్టవ్ దగ్గర మనిషి నిలబడి ఉంటారు.

కారణం తెలియాలంటే గోడ ఏమిటో తెలియాలి. డ్రిల్ పొడి చూడండి. ఎర్రగా వస్తే ఇటుక. తెల్లగా మెత్తగా వస్తూ బిట్ వెన్నలోకి దిగినట్టు దిగితే ఏఏసీ బ్లాక్ (లోపల గాలి బుడగలున్న తేలిక సిమెంటు ఇటుక), చెన్నై ఓఎమ్మార్ రోడ్డు వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించేది. బూడిద రంగులో గట్టిగా ఉంటే కాంక్రీట్.

ఏఏసీలో మామూలు 35 మి.మీ. ప్లగ్ నిలవదు. పైగా హ్యామర్ మోడ్‌లో డ్రిల్ చేస్తే రంధ్రం లోపల పొడిపొడిగా విరిగి వెడల్పవుతుంది. పాత రంధ్రాలు వదిలేసి కనీసం 50 మి.మీ. దూరంలో కొత్తవి వేయండి. హ్యామర్ ఆపేసి, ఏఏసీ కోసమే చేసిన నైలాన్ ప్లగ్ కానీ 10 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. పొడవున్న ఫ్రేమ్ ప్లగ్ కానీ వాడండి. రంధ్రంలో పొడి ఊదేయకుండా ప్లగ్ కొట్టకండి.

ఇటుక గోడలో స్క్రూ పొడవు లెక్క తప్పుతుంది. ప్లాస్టరింగ్ బరువు మోయదు. ఇటుకలో 50 మి.మీ. దిగాలి, పైన 15 మి.మీ. ప్లాస్టరింగ్, బాక్స్‌ను గోడకు పట్టే 18 మి.మీ. చెక్క పట్టీ ఉన్నాయి. మొత్తం 83. కాబట్టి 75 స్క్రూ చాలదు, 100 తీసుకోండి. మైలాపూర్, ట్రిప్లికేన్ వైపు పాత ఇళ్ళలో ప్లాస్టరింగ్ ఇంకా మందంగా ఉండొచ్చు, ముందు ఒక రంధ్రం వేసి ఎర్రపొడి ఎంత లోతులో మొదలైందో కొలవండి.

గోడ గట్టిగానే ఉండి బాక్స్ వాలితే వెనక పలక చూడండి. 6 మి.మీ. పలకలోంచి నేరుగా స్క్రూ వేస్తే కొంతకాలానికి స్క్రూ తల దాన్ని చీల్చుకుని వస్తుంది. బాక్స్ లోపల పై మూలన 18 మి.మీ. మందం, 80 నుంచి 100 మి.మీ. వెడల్పున్న పట్టీని అడ్డంగా పెట్టి, పక్క పలకల నుంచీ పై పలక నుంచీ 50 మి.మీ. స్క్రూలతో బిగించి, ఆ పట్టీలోంచి గోడకు నాలుగు స్క్రూలు వేయండి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా మాత్రం డ్రిల్ వద్దు, వైరు పైపు సాధారణంగా అటే వెళ్తుంది.

డ్రాయర్ చివర్లో బిగుసుకుంటోంది, లేదా దానంతటదే తెరుచుకుంటోంది

డ్రాయర్ జారే లోహపు పట్టాకు, అంటే టెలిస్కోపిక్ చానెల్‌కు, ఒక్కో వైపు సుమారు 13 మి.మీ. చోటు కావాలి. 600 బాక్స్ లోపలి వెడల్పు 564, కాబట్టి డ్రాయర్ బయటి వెడల్పు 538 ఉండాలి. బాక్స్ లోపల ముందూ వెనకా రెండు చోట్లా కొలవండి. వెనక 562 వస్తే లోపలికి వెళ్ళేకొద్దీ బిగుస్తుంది. పక్క పలకను గోడ దగ్గర కాస్త వదులు చేయాలి. ఎక్కువ వస్తే చానెల్ గోళీలు రాలతాయి, చానెల్ వెనక 1 మి.మీ. సన్‌మైకా ముక్క పెట్టండి. దానంతటదే తెరుచుకుంటే బాక్స్ ముందుకు వాలింది, మళ్ళీ కాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. ఆవకాయ జాడీలు, వెట్ గ్రైండర్ పెట్టే డ్రాయర్‌కైతే చానెల్ ఎన్ని కిలోలకు చేసిందో పెట్టె మీద చదివే కొనండి.

సింక్ కింది పలక ఉబ్బింది

ఉబ్బినది మళ్ళీ సన్నబడదు, పలక మార్చాలి. కానీ నీరు ఎక్కడిదో తేలకుండా మారిస్తే కొత్తదీ పోతుంది. అంతా తుడిచి కింద వార్తాపత్రిక పరవండి. ముందు సింక్ అంచు చుట్టూ కొద్దిగా నీళ్ళు పోయండి, తడిస్తే సిలికాన్ పోయింది. తర్వాత సింక్ నిండా పట్టి ఒక్కసారిగా వదలండి, ఇప్పుడు తడిస్తే కింది పైపు వాషర్. ఏదీ తడవకపోతే కుళాయి గొట్టం చూడండి.

మూడూ పొడిగానే ఉండి అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య మాత్రమే ఉబ్బుతుంటే గోడ చెమ్మ అని అనుమానించాలి. ఈశాన్య రుతుపవనాలు చెన్నైలో బయటి గోడలను బాగా తడుపుతాయి. గోడకు రెండడుగుల పాలిథిన్ షీటు నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. గోడవైపు చుక్కలు పడితే చెమ్మ గోడలోంచే వస్తోంది. బయటి పగుళ్ళు పూడ్చాకే బాక్స్ పని.

కొత్త పలకకు ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగండి. దాని జిగురు 72 గంటలు ఉడికించే పరీక్షకు నిలవాలి. కొద్దిపాటి తేమను మాత్రమే తట్టుకునే ఎంఆర్ గ్రేడ్ ఇక్కడ పనికిరాదు. ఎంత మంచి ప్లై అయినా పైపు కోసం కోసిన రంధ్రం అంచు పచ్చిగా వదిలితే నీరు అక్కడే తాగుతుంది. ఆ అంచుకు రెండు పూతలు ఎపాక్సీ వేసి, ఆరాక పైపు చుట్టూ సిలికాన్ పెట్టండి.

షట్టర్ మధ్యలో విల్లులా వంగింది

బయట 1 మి.మీ. సన్‌మైకా అంటించి లోపల ఉత్త పెయింటుతో వదిలేశారు. రెండు వైపులా తేమ ఒకేలా పీల్చకపోతే చెక్క వంగుతుంది. వంపు కొద్దిగా ఉంటే లోపలివైపు సన్‌మైకా అంటించి ఒక రోజంతా బరువు కింద ఉంచి చూడండి. 5 మి.మీ. దాటితే కొత్త షట్టరే.

హింజిలకు తుప్పు

బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రపు ఒడ్డు ఇళ్ళలో ఉప్పుగాలి నికెల్ పూతను తినేస్తుంది. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ హింజిలు పెట్టండి, స్క్రూలూ అదే గ్రేడ్‌వి కావాలి. హింజి మంచిదై స్క్రూ మామూలు ఇనుముదైతే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఎల్ మూలలో డ్రాయర్ పక్క షట్టర్ హ్యాండిల్‌కు తగిలి ఆగుతోంది

మూలలో రెండు బాక్సుల మధ్య ఖాళీని పూడ్చే ఫిల్లర్ పట్టీ వదలలేదు. హ్యాండిల్ ఎంత ముందుకు వచ్చిందో కొలిచి దానికి 10 మి.మీ. కలిపితే కావాల్సిన ఫిల్లర్ వెడల్పు వస్తుంది, మామూలుగా 50 మి.మీ. చాలు. బాక్సులు జరిపే వీలు లేకపోతే ఆ రెండు షట్టర్లకు హ్యాండిల్ తీసేసి, అంచులో వేళ్ళు పట్టే గాడి ఉన్న ప్రొఫైల్ పెట్టించండి. పాత హ్యాండిల్ రంధ్రాలు పూడ్చినా కనబడతాయి, కాబట్టి ఈ కొలత బాక్సులు తయారుకాకముందే డ్రాయింగ్ మీద చూసుకోవాలి.