కాలి బొటనవేలి గోరు కండలోకి దిగితే ఏం చేయాలి?

మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో దసరా సెలవులకి హాస్టల్ నుంచి విజయవాడలో మా ఇంటికి వచ్చాడు. గడప దాటుతూనే చూశాను, కుడికాలు మడమ మీద మోపి నడుస్తున్నాడు. బూటు విప్పితే సాక్సు బొటనవేలికి అతుక్కుపోయి ఉంది. నీళ్లు పోసి, నానబెట్టి, మెల్లగా లాగాను. గోరు పక్కన కండ ఎర్రగా ఉబ్బి, అంచున చీము కట్టి ఉంది. ఆ రాత్రి దుప్పటి అంచు తగిలినా ఉలిక్కిపడి లేచాడు. ఎన్నాళ్ల నుంచిరా అంటే, "నెలైందమ్మా. మూల కత్తిరించినప్పుడల్లా తగ్గుతుంది, మళ్లీ వస్తుంది" అన్నాడు.

మూల కత్తిరించడమే ఈ బాధకి మొదలు అని అప్పుడు నాకూ తెలియదు. నేనూ అదే చేశాను. వేడినీళ్లలో కడిగిన బ్లేడుతో ఆ మూలని ఇంకొంచెం లోపలికి తీశాను. రెండు రోజులు హాయిగా నడిచాడు. మూడో రోజుకి వేలు మొత్తం వాచింది. నాలాగా ఇంకెవరూ చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

లోపల ఏం జరుగుతుంది?

గోరు దాని మొదలు నుంచి ముందుకి పెరుగుతుంది. పక్కన కండ ఉన్నా, మూల కండ పైగా సాగి బయటికి వస్తే బాధ ఉండదు. ఆ మూలని గుండ్రంగా, లోతుగా కత్తిరించామనుకోండి. ఖాళీ అయిన చోటికి పక్క కండ వచ్చి కూర్చుంటుంది. మళ్లీ పెరిగే గోరుకి దారి ఉండదు, కండలోకే దిగుతుంది. పైగా కట్టర్ అందని లోపలి చివర ఒక చిన్న మొన మిగిలిపోతుంది, అది ముల్లులా పనిచేస్తుంది. కత్తిరించిన రెండు రోజులు ఒత్తిడి తగ్గి సుఖంగా ఉంటుంది కాబట్టి, మనకి అదే మందు అనిపిస్తుంది.

బిగుతు బూట్లు దీనికి తోడవుతాయి. మన ఎండలకి పొద్దున్న ఏడింటికి వేసిన సాక్సు సాయంత్రం దాకా విప్పకపోతే, చెమటకి చర్మం నాని మెత్తబడి గోరు సులువుగా దిగుతుంది. కాలికి రాయి కొట్టుకోవడం, కబడ్డీ ఫుట్‌బాల్ ఆటల్లో దెబ్బలు, పుట్టుకతోనే గోళ్లు పెంకులా వంగి ఉండటం కూడా కారణాలే.

దీన్ని చాలామంది గోరుచుట్టు అనుకుంటారు. గోరుచుట్టులో గోరు పక్క చర్మంలో సూక్ష్మజీవులు చేరి చీము పడుతుంది. ఇక్కడ ముందు గుచ్చుకున్నది గోరు, చీము తర్వాత వచ్చింది. అందుకే వేలికి నిమ్మకాయ తొడగడం, పసుపు సున్నం పట్టించడం లాంటివి ఇక్కడ పనికిరావు. గోరు మొన లోపల ఉన్నంతకాలం పైన ఏం రాసినా మానదు, సున్నం అయితే పుండుని కాలుస్తుంది కూడా.

చీము లేనప్పుడు ఇంట్లో చేయాల్సింది

షుగర్ లేనివాళ్లకి, కాస్త ఎరుపు, కాస్త నొప్పి మాత్రమే ఉన్నప్పుడు ఇది.

ముందు నీళ్లు. వెడల్పాటి బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, లీటరుకి ఒక చెంచా ఉప్పు వేసి, 15 నుంచి 20 నిమిషాలు కాలు ఉంచాలి. రోజుకి మూడుసార్లు. కాలేజీకో ఆఫీసుకో వెళ్లేవాళ్లకి మధ్యాహ్నం కుదరకపోతే పొద్దున్న, సాయంత్రం, పడుకునే ముందు చేయండి. తీశాక వేళ్ల సందులు కూడా పొడిగా తుడవాలి. తడి మిగిలితే నానబెట్టిన మేలు పోతుంది.

కండ మెత్తగా ఉన్న ఆ ఐదు నిమిషాల్లోనే, శుభ్రమైన వేలితో గోరు పక్క కండని గోరు నుంచి దూరంగా, మెల్లగా కిందికి నొక్కి వదలాలి. నాలుగైదుసార్లు చాలు.

తర్వాత దూది. నూలుపోగు కంటే కొంచెం లావుగా, బియ్యపు గింజంత పొడవున్న దూదిని వేళ్ల మధ్య పురిపెట్టాలి. గోరు మూల అంచు కిందికి దాన్ని పక్క నుంచి మెల్లగా జరపాలి. మూల ఒక వెంట్రుకవాసి లేస్తే చాలు, కండకి ఊపిరి వస్తుంది. బలవంతంగా దోపకూడదు. నొప్పి ఎక్కువైతే ఆపేయండి. పెట్టిన దూదిని రోజూ మార్చాలి, పాతది అలాగే ఉంటే అదే కుళ్లుతుంది.

దూది పెట్టడానికి ధైర్యం చాలనివాళ్లకి ఇంకో దారి టేపు. మెడికల్ షాపులో దొరికే ప్లాస్టర్ టేపు సన్నగా చింపి, ఒక చివర గోరు పక్కన ఉబ్బిన కండ మీద అంటించాలి. గోరు మీద కాదు. అక్కడి నుంచి కండని గోరుకి దూరంగా లాగుతూ, వేలి అడుగు నుంచి ఏటవాలుగా చుట్టాలి. వేలు తెల్లబడినా, నీలమైనా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పేయాలి.

నొప్పికి ప్యారాసిటమాల్ వాడొచ్చు, అట్ట మీద రాసిన మోతాదు దాటకుండా. బూట్లు పక్కన పెట్టి, ముందు భాగం తెరిచి ఉన్న చెప్పులు వేసుకోవాలి. పిల్లలకి యూనిఫామ్ బూట్లు తప్పనిసరి అంటే టీచరుకి ఒక చీటీ రాసి పంపండి. నేను చీటీ రాశాను, వాళ్లు అభ్యంతరం పెట్టలేదు. బస్సులో జనం మధ్య నిలబడేటప్పుడు ఆ కాలు కాపాడుకోండి. ఎవరైనా తొక్కితే, గోరుచుట్టు మీద రోకటిపోటు అని మనవాళ్లు ఎందుకన్నారో ప్రాణానికి తెలుస్తుంది.

మూడు నాలుగు రోజుల్లో నొప్పి తగ్గుముఖం పట్టాలి. తగ్గింది కదా అని మానేయొద్దు. కాలి గోరు నెలకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. మూల కండ దాటి బయటికి కనిపించేదాకా, వారాలు పట్టినా, దూదో టేపో కొనసాగించాలి.

చేయకూడనివి

బ్లేడు, పిన్నీసు, కత్తెర మొనతో లోపల కెలకకండి. గోరు మధ్యలో ముందు అంచున వీ ఆకారంలో గాటు పెడితే మూలలు లోపలికి దగ్గరవుతాయని చెప్పేవాళ్లున్నారు. గోరు పెరిగేది మొదట్లో, ముందు అంచున పెట్టిన గాటు దాని దారిని మార్చలేదు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ బిళ్లలు మింగడం కూడా సరికాదు. మొన లోపలే ఉంటే, మందు ఆపగానే మళ్లీ మొదటికొస్తుంది.

పుండు తెరిచి ఉన్నప్పుడు వేసవిలో కారం కొట్టించే రోజుల్లో జాగ్రత్త. గుంటూరు మిర్చి యార్డు వైపు పనులకు వెళ్లేవాళ్లకి చెప్పనక్కర్లేదు, ఆ దుమ్ము పుండులో పడితే మంట ఎలా ఉంటుందో. గాజుగుడ్డ కట్టి, దాని మీద వదులుగా సాక్సు వేసుకుని వెళ్లండి.

షుగర్ ఉంటే ఇంటి వైద్యం వద్దు

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకి కాళ్లలో స్పర్శ తగ్గుతుంది, రక్తం సరిగా అందదు. గోరు గుచ్చుకున్నా నొప్పి తెలియదు. నీళ్లు కాలిపోతున్నా పాదం చెప్పదు, బొబ్బలెక్కాక చూసుకుంటారు. చిన్న పుండే పెద్దదై వేలు తీసేసే దాకా వెళ్లొచ్చు. అందుకని ఎరుపు కనిపించిన రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. భవానీ దీక్షలో, అయ్యప్ప దీక్షలో చెప్పులు లేకుండా తిరిగే షుగర్ వాళ్లు దీక్షకి ముందే డాక్టర్‌తో మాట్లాడి, రోజూ రాత్రి పాదాలు కడుక్కుని, వేళ్ల సందులు ఇంట్లో ఎవరికైనా చూపించుకోవాలి. అమ్మవారి మీద భక్తికి ఇదేమీ అడ్డు కాదు.

డాక్టర్ దగ్గర ఏం చేస్తారు?

చీము పట్టినా, ఎరుపు వేలు దాటి పాదం వైపు పాకినా, జ్వరం వచ్చినా, గోరు పక్కన ముట్టుకుంటే రక్తం కారే ఎర్రటి కండ పెరిగినా, ఇంటి వైద్యంతో వారంలో తగ్గకపోయినా వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూడా ఆలస్యం చేయకూడదు. జనరల్ సర్జన్లు, చర్మ వైద్యులు ఇద్దరూ దీన్ని చూస్తారు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లోనూ, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఈ రెండు విభాగాలూ ఉన్నాయి.

ఆపరేషన్ అన్న మాటకి మా ఇంట్లో అందరికీ టెన్షన్ వచ్చింది. నిజానికి నొప్పి అంతా వేలి మొదట్లో రెండు వైపులా ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌దే, ఆ తర్వాత ఆపరేషన్ అవుతుంటే నొప్పి తెలియదు. గోరు మొత్తం తీయరు, గుచ్చుకున్న పక్కన సన్నటి పట్టీలా మొదలు దాకా చీల్చి తీస్తారు. ఆ పక్క మళ్లీ పెరగకుండా గోరు మొదట్లో ఫినాల్ అనే మందు అద్దుతారు. ఇది నేల తుడిచే ఫినాయిల్ కాదు, ఇంట్లో ప్రయత్నించేదీ కాదు. గోరు ఊరికే పీకేసి వదిలితే చాలామందికి తిరిగి వస్తుంది కాబట్టి, "మొదలుకి మందు పెడతారా?" అని ముందే అడగండి.

మా అబ్బాయిది అయ్యాక డాక్టర్ గారు గాజుగుడ్డ మీద ఒకటి చూపించారు. నూక గింజంత గోరు ముక్క, ఒక చివర సన్నగా, చేపముల్లులా. "ఇదేనమ్మా, మీ కట్టర్ అందుకోలేకపోయింది" అన్నారు. నెల రోజుల నిద్రని అంత చిన్న ముక్క తినేసింది.

అదే రోజు ఇంటికి పంపేస్తారు. బండి నడపకూడదు, ఇంకొకరు తీసుకెళ్లాలి. మొదటి రెండు రోజులు కాలు దిండు మీద ఎత్తుగా పెట్టాలి. ఫినాల్ పెట్టిన చోట కొన్ని వారాలు నీరు కారుతుంది, అది చీము కాదు. వాసన, సలుపు, జ్వరం ఉంటే మాత్రం మళ్లీ చూపించాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు చేయించారో గుర్తు తెచ్చుకుని డాక్టర్‌కి చెప్పండి.

ఇక మీదట గోరు ఇలా కత్తిరించండి

స్నానం అయ్యాక, గోరు మెత్తగా ఉన్నప్పుడు, నేరుగా అడ్డంగా కత్తిరించాలి. రెండు మూలలూ కండ పైన కనబడుతూ ఉండాలి. గుచ్చుకునేలా ఉంటే ఆకురాయితో కొంచెం నున్నగా చేయండి, కత్తిరించకండి. బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నా ఇంకెక్కడ కొన్నా, సాక్సు వేసుకుని నిలబడినప్పుడు పొడవైన వేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

పెద్దవాళ్లకి వంగడం కష్టం, చూపు ఆనదు, గోళ్లు మందంగా ఉంటాయి. మా అత్తయ్యగారికి నేనే కత్తిరిస్తాను. పది నిమిషాలు నీళ్లలో నాననిచ్చి, పాదం ఒళ్లో పెట్టుకుని, ఒక్క కోతలో కాకుండా చిన్న చిన్న ముక్కలుగా.