పాత బండి కరెంటు పని నేర్చుకుందాం – 4వ పాఠం: వోల్టులు ఎక్కడ పోతున్నాయి?

పోయిన పాఠంలో బ్యాటరీ దగ్గర ఆగాం. మోటారుసైకిల్ ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటరు 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12 కంటే దిగితే ఖాళీ అయినట్టు అని చూశాం. అసలు చిక్కు ఇప్పుడు మొదలవుతుంది. బ్యాటరీ బాగుంది, ఫ్యూజు బాగుంది, బల్బు కొత్తది. అయినా బ్రేకు లైటు గుడ్డిగానే వెలుగుతోంది.

ఇలాంటప్పుడు షాపులో తరచూ వినబడే మాట: "వైరింగు మొత్తం పోయిందండీ, కొత్త కిట్టు వేసేద్దాం." వేయించుకోవచ్చు, కాదనను. కానీ ఆ కొత్త వైరింగును కూడా చిలుము పట్టిన పాత ఎర్త్ (ఫ్రేము గుండా బ్యాటరీ మైనస్‌కు కరెంటు తిరిగి వెళ్లే దారి) బోల్టుకే బిగిస్తే డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది. గోదావరి జిల్లాల్లో పాత బండ్లకొచ్చే కరెంటు తగాదాల్లో ఎక్కువ భాగం పార్టులవి కావు, అతుకులవి. ముందు కొలవాలి, తర్వాతే కొనాలి.

దేన్ని కొలవాలో తెలియాలంటే కాలవను తలుచుకోండి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలారు, శివారు చేలకు మాత్రం అందలేదు. మధ్యలో ఎక్కడో గుర్రపుడెక్క అడ్డుపడింది. తూములన్నీ మూసి ఉంచితే అడ్డుకు ఇటూ అటూ నీటిమట్టం ఒక్కలాగే ఉంటుంది, తేడా కనబడదు. నీరు పారుతున్నప్పుడే అడ్డుకు ఎగువన మట్టం ఎక్కువగా, దిగువన తక్కువగా కనిపిస్తుంది. వైరులోనూ అంతే. కరెంటు పారుతున్నప్పుడే చెడ్డ అతుకు బయటపడుతుంది. అందుకే మీటరులో 'బీప్' పెట్టి వైరు తెగిందో లేదో చూసే పద్ధతిని ఈ పనిలో నమ్మకండి. పది పోగుల్లో ఒక్కటి మిగిలినా మీటరు బీప్‌మంటుంది. బల్బుకు సరిపడా కరెంటును ఆ ఒక్క పోగు సరిగా మోయలేకపోవచ్చు.

ఇక పనిలోకి దిగుదాం. బండి 12 వోల్టులది అనుకుందాం. 1994లో వచ్చిన మొదటి తరం హీరో హోండా స్ప్లెండర్ మన ఊళ్లలో ఇంకా కనబడుతూనే ఉంది కాబట్టి దాన్నే మనసులో పెట్టుకోండి. మీటరును డీసీ (బ్యాటరీ ఇచ్చే, ఒకే దిక్కున పారే కరెంటు) 20 వోల్టుల దగ్గర పెట్టండి. వెనక లైటు అద్దం విప్పండి. తాళం ఆన్ చేసి, బ్రేకు పెడల్‌ను ఎవరినైనా నొక్కి పట్టుకోమనండి, లేదంటే తాడుతో కిందికి కట్టేయండి. కొలిచినంతసేపూ బల్బు వెలుగుతూనే ఉండాలి.

మొదట బ్యాటరీ రెండు కొనల మధ్య చూడండి. 12.4 వచ్చిందనుకుందాం. తర్వాత బల్బు దగ్గర, బ్రేకు వైరు తగిలే చోటుకూ హోల్డర్ ఒంటికీ మధ్య చూడండి. 9.1 వచ్చింది. అంటే 3.3 వోల్టులు దారిలో పోయాయి. వోల్టేజీ నాలుగో వంతు తగ్గితే బల్బు వెలుతురు సగానికి పైగా పోతుంది. గుడ్డిగా వెలగడానికి కారణం ఇదే.

ఏ దారిలో పోయాయో ఇప్పుడు తేల్చాలి. మీటరు ఎర్ర కొన బ్యాటరీ ప్లస్‌కు, నల్ల కొన బల్బుకు వచ్చే బ్రేకు వైరుకు పెట్టండి. 0.4 చూపించింది. ఫ్యూజు, తాళం స్విచ్, బ్రేకు స్విచ్, వైర్లను కలిపే ఇన్ని కప్లర్లు కలిసి అంత తినడం పాత బండిలో మామూలే. ఇప్పుడు ఎర్ర కొన హోల్డర్ ఒంటికి, నల్ల కొన బ్యాటరీ మైనస్‌కు. ఇక్కడ 0.2 దాటకూడదు. వచ్చింది 2.9. దొంగ ఎర్త్ వైపున్నాడు. 9.1, 0.4, 2.9 కలిపితే 12.4 రావాలి, వచ్చింది. లెక్క కుదరకపోతే ఎక్కడో మీటరు కొన సరిగా ఆనలేదన్నమాట, మళ్లీ చూడండి.

మీటరు లేకపోయినా ఎర్త్ పోయిందని చెప్పే ఆనవాలు ఒకటుంది. ఇంజను ఆపి, తాళం ఆన్ చేసి బ్రేకు నొక్కితే స్పీడోమీటరు లోపలి చిన్న లైటు మినుకుమంటుంది. బ్రేకు లైటు కరెంటుకు ఎర్త్ దారి మూసుకుపోయి, అదే బల్బులోని రెండో ఫిలమెంటు (వెనక లైటుగా వెలిగే తీగ) గుండా వెనక్కి వెళ్లి, ముందున్న బల్బులో దారి వెతుక్కుంటోంది. స్విచ్ చెడిందని చాలామంది హ్యాండిల్ విప్పుతారు. విప్పాల్సింది వెనకవైపు.

ఎర్త్ ఎందుకు పాడవుతుందంటే, సముద్రం ఒడ్డున అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు ఉప్పునీటి చిందులు. ఇవి చాలవన్నట్టు వాటర్ సర్వీసింగులో కప్లర్ల లోపలికి దూరే నీరు. హీరో హోండా బండ్లలో ఆకుపచ్చ వైరు ఎర్త్. దాన్ని పట్టుకుని ఫ్రేముకు బిగించిన చోటుకు వెళ్లండి. రింగు మీద పచ్చటి చిలుము ఉంటుంది. బండికి ఈమధ్య పెయింటు వేయిస్తే ఇంకో సంగతి: ఫ్రేము మీద పెయింటు గీకకుండా రింగు పెట్టి బిగించేసి ఉంటారు. పెయింటులోంచి కరెంటు పోదు.

పని మొదలుపెట్టే ముందు తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ మైనస్ వైరు ముందు విప్పండి, బిగించేటప్పుడు దాన్ని చివర్న పెట్టండి. ప్లస్ ముందు విప్పబోయి పానా ఫ్రేముకు తగిలిందంటే నిప్పురవ్వలే. రింగునూ ఫ్రేమునూ ఉప్పుకాగితంతో ఇత్తడి, ఇనుము మెరిసేదాకా రుద్దండి. రింగు దగ్గర వైరు వంచి చూడండి. మెత్తగా వంగకుండా గట్టిగా ఉందంటే తొడుగు లోపల రాగి నల్లబడిపోయింది. ఎర్రటి రాగి కనబడేదాకా వెనక్కి కత్తిరిస్తూ పోయి, కొత్త రింగు వేసి నొక్కండి. మెలిపెట్టి టేపు చుట్టడం మన వాతావరణానికి ఒక్క వానాకాలం కూడా ఆగదు. బోల్టు బిగించాకే పైన వాజలీన్ పూయండి, ముందు కాదు.

ఫ్యూజు గురించి ఒక్క మాట. సిగరెట్ పెట్టె రేకు చుట్టి పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఆ రేకు ఫ్యూజులా తెగదు, వైర్లే కాలతాయి. పెట్రోలు ట్యాంకు కింద నుంచే ఆ వైర్లు పోతున్నాయని గుర్తుపెట్టుకుంటే ఎవరూ ఆ పని చేయరు.

ఈ వారం ఇంటిపని: ఇండికేటర్‌కు ఇదే కొలత తీయండి. అది ఆరుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి వెలిగిన క్షణంలో వచ్చిన అంకెనే రాసుకోండి. హారన్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. అది మోగుతుంటే మీటరు అంకెలు నిలవవు, పైగా కొన్ని బండ్లలో హారన్ బటన్ ఎర్త్ వైపే ఉంటుంది. పాత స్ప్లెండర్ హెడ్‌లైటును కూడా ఈ పద్ధతిలో కొలవలేరు. దానికి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజనులోని కాయిల్ నుంచి నేరుగా ఏసీ (దిక్కు మార్చుకుంటూ పారే కరెంటు) వస్తుంది. బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే ఆ బండి స్టార్టయి హెడ్‌లైటు ఎందుకు వెలుగుతుందో, రేసు పెంచితేనే వెలుతురు ఎందుకు పెరుగుతుందో అయిదో పాఠంలో కాయిల్ విప్పి చూద్దాం. మీటరులో ఏసీ గుర్తు ఎక్కడుందో ఈలోపు చూసిపెట్టుకోండి.