ఆసుపత్రిలో పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకపడితే ఏం చూడాలి?

సాయంత్రం దాకా మనవడి పరీక్షల గురించి అడిగిన మనిషి అర్ధరాత్రి లేచి "మెహిదీపట్నం బస్సు వెళ్లిపోతోంది, నా చెప్పులేవి" అంటూ సెలైన్ పైపు పీకేస్తారు. పక్క మంచం వాళ్లు "వయసు కదా" అని సర్దిచెబుతారు. కానీ వయసుతో వచ్చే మతిమరుపు నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. గంటల్లో మొదలై, కాసేపు తగ్గి మళ్లీ పెరిగేదాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. జ్వరంలో "సంధి మాటలు" అని మన పాతవాళ్లు అన్నది ఇలాంటిదే. ఒంట్లో ఏదో తేడా చేస్తేనే ఇది వస్తుంది. తరచూ రెండు మూడు కారణాలు కలిసి వస్తాయి.

మొదట టైమ్ రాసుకోండి. వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి చెప్పమనండి, అదీ వాళ్ల భాషలోనే. నర్సు హిందీలో అడిగితే నల్గొండ తాత బిత్తరపోవడం జబ్బు కాదు! వెనక్కి చెబుతూ మధ్యలో దారి తప్పితే డ్యూటీ నర్సుకు స్పష్టంగా చెప్పండి: "మా నాన్న ఎప్పుడూ ఇలా ఉండరు, రాత్రి పదింటి నుంచే ఇలా." ఆయన మామూలుగా ఎలా ఉంటారో అక్కడ తెలిసింది మీకే.

వెంటనే షుగర్, ఆక్సిజన్, బీపీ, జ్వరం చూడమనండి. ఇన్సులిన్ వేసుకుని అన్నం సరిగా తినకపోతే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, ఈ మధ్య ఎక్కడైనా పడి తలకు తగిలినా ఒక్క క్షణం ఆగకుండా చెప్పండి. మెదడు పక్కన రక్తం చేరిన సంగతి కొన్నిసార్లు వారాల తర్వాత బయటపడుతుంది.

తర్వాత మందుల చీటీ. నా లెక్కలో సగం గుట్టు ఇక్కడే ఉంటుంది. నిద్ర మాత్రలు, మత్తు వచ్చే అలర్జీ మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు కొత్తగా మొదలైనా, రోజూ వేసుకునే నిద్ర మాత్ర హఠాత్తుగా ఆగినా తికమక వస్తుంది. మద్యం కూడా అంతే, ఆపిన రెండు మూడు రోజులకు చేతులు వణికి, లేనివి కనిపిస్తాయి. మన దగ్గర కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తు మందు కలిపిన కేసులు చాలాసార్లు బయటపడ్డాయి, కాబట్టి "ఆయన కల్లే తాగుతారు" అని తేలిగ్గా తీసుకోకండి. పరువుకు పోయి దాస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెద్దవాళ్లకు జ్వరం రాకపోవచ్చు, అందుకే యూరిన్, ఛాతీ పరీక్షల సంగతి అడగండి. రక్తంలో సోడియం (ఉప్పు) 135 కంటే తగ్గిందా? బీపీకి వాడే, మూత్రం ఎక్కువ పోయేలా చేసే కొన్ని నీటి మాత్రలతో అది పడిపోతుంది. మరీ చిన్నగా అనిపించే కారణాలూ ఉన్నాయి: యూరిన్ పైపు తీశాక మూత్రం రాకపోవడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, చెప్పుకోలేని నొప్పి.

గోల చేసేవాళ్లను అందరూ పట్టించుకుంటారు. పలకరిస్తే పలక్కుండా రోజంతా మగతగా పడుకునేవాళ్లదీ ఇదే సమస్య కావచ్చు. "హమ్మయ్య, నిద్రపోయారు" అనుకుని వదిలేయకండి.

ఈలోగా కళ్లద్దాలు, చెవి మిషన్ పెట్టండి. పగలు కర్టెన్ తీయండి. బస్సు లేదని వాదించకుండా "నేనున్నా కదా నాన్నా" అంటూ చెయ్యి పట్టుకోండి.

కారణం తగ్గినా తికమక పూర్తిగా పోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. డిశ్చార్జ్ రోజు చీటీలో కొత్త నిద్ర మాత్ర కనిపిస్తే, అది ఎన్ని రోజులు వాడాలో అడిగి తేదీ రాయించుకోండి.