వానల్లో గంజాయి పూగుత్తులకు బూజు: నాకు పనిచేసిన పద్ధతి

మేముండేది కెనడాలో, బ్రిటిష్ కొలంబియా తీరంలో. 2018 నుంచి ఇక్కడ ఇంటికి నాలుగు గంజాయి మొక్కల దాకా చట్టబద్ధంగా పెంచుకోవచ్చు. ఇండియాలో లైసెన్సు లేకుండా పెంచడం నేరం, కాబట్టి ఇది అక్కడివాళ్ల కోసం కాదు.

పూగుత్తులు గట్టిపడే వేళకే ఇక్కడ వానలు మొదలవుతాయి. గుత్తిలో ఒక్క చిన్న ఆకు ఎండినట్టు కనిపిస్తుంది. లాగితే ఊడొస్తుంది, లోపలంతా బూడిదరంగు బూజు. అదే బొట్రైటిస్. వేపనూనె, వంటసోడా నీళ్లు, రాత్రిపూట టార్పాలిన్ కప్పడం, ఏదీ ఆపలేదు.

ముందు బూజు పట్టిన గుత్తులను బాగున్న కాడ దాకా కోసి, సంచిలో మూటగట్టి పారేశాను. ప్రతి కోతకీ కత్తెరను స్పిరిట్‌తో తుడిచాను. తర్వాత నాలుగు గుంజలు పాతి, మొక్కలకు అడుగున్నర పైన గ్రీన్‌హౌస్ పాలిథిన్‌ను ఏటవాలుగా లాగి కట్టాను. పక్కలు మాత్రం అస్సలు మూయలేదు. కిటుకంతా అక్కడే ఉంది: గాలి ఆడకపోతే తేమ లోపలే నిలిచి, చుక్క వాన తగలకపోయినా బూజు వస్తుంది. ఆపైన కింది ఆకులు, నడిమి గుబురు తీసేసి, బరువు కొమ్మలను ఎడంగా కట్టాను. మంచు కురిసిన పొద్దుల్లో కాడలు మెల్లగా కుదిపి నీళ్లు రాల్చేదాన్ని.

ఇలా చేశాక బూజు అదుపులోకి వచ్చింది. కానీ ఆ ఏడాది వానలు కాస్త తక్కువే, అందుకని అంతా ఈ పాలిథిన్ పందిరి వల్లే అనలేను. గుత్తులు బాగా దట్టంగా కట్టే రకాలకు ఇది చాలకపోవచ్చు. వాటిని కొంచెం ముందే కోసుకోవడం మేలనిపిస్తుంది.