1:35 ట్యాంకు బొమ్మ, 5వ పాఠం: పెయింటు ఎక్కడ రాలుతుంది, దుమ్ము ఎక్కడ నిలుస్తుంది

పోయిన పాఠంలో టి-55 అనే సోవియట్ ట్యాంకు బొమ్మకి ఆలివ్ గ్రీన్ కొట్టి, నంబర్లు అంటించి, పైన గ్లాస్ (మెరుపునిచ్చే) వార్నిష్ రెండు పలచటి కోటింగులు వేసి ఆపాం. ఇప్పుడది షోరూంలోంచి దిగిన బండిలా మెరుస్తోంది. ఆ మెరుపు కావాలనే తెచ్చుకున్నది. ఈ పాఠంలో సగం దాకా అది అలాగే ఉండాలి. వార్నిష్ కొట్టి 24 గంటలు కాకపోతే ఇవాళ బొమ్మను ముట్టుకోకండి. కార్తీకమాసం ముసురులో అయితే 48 గంటలు ఆగండి.

బ్రష్ పట్టే ముందు ఒక లెక్క. బొమ్మ మీద 1 మిల్లీమీటరంటే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్లు. మీరు 'చిన్న గీత' అనుకుని గీసిన 1 మి.మీ. వెడల్పు గీత, అసలు ట్యాంకు మీద ఐదు రూపాయల బిళ్ళ కంటే వెడల్పు. మొదటిసారి చేసేవాళ్ళ బొమ్మలు చూడగానే దొరికిపోయేది ఇక్కడే. తప్పు రంగులో ఉండదు, కొలతలో ఉంటుంది.

మూలల్లోకి వాష్ (పలచటి మురికి రంగు)

తిరుపతి గాంధీ రోడ్డు స్టేషనరీ కొట్లలో ఆర్టిస్టు ఆయిల్ రంగుల ట్యూబులు విడిగా దొరుకుతాయి. రా అంబర్ (మట్టి గోధుమ), నలుపు చాలు. బఠాణీ గింజంత రా అంబర్, దానిలో పావు వంతు నలుపు ఒక అట్టముక్క మీద పెట్టి అరగంట వదిలేయండి. రంగులోని నూనెను అట్ట పీల్చుకుంటుంది. నూనె పోని రంగు వారమైనా ఆరదు, పైగా జిడ్డు మెరుపు వస్తుంది. తర్వాత దాన్ని చిన్న గిన్నెలోకి తీసి, ఒక వంతు రంగుకు పది వంతుల మినరల్ టర్పెంటైన్ కలపండి. పలచటి డికాషన్‌లా ఉండాలి.

ట్రిపుల్ జీరో (బాగా సన్నటి) బ్రష్ ముంచి, గిన్నె అంచుకు ఒకసారి ఒత్తి, మూతల కీళ్ళ దగ్గర, రివెట్ల అడుగున మొనతో తాకండి. తాకితే చాలు, గీయక్కర్లేదు. గ్లాస్ వార్నిష్ మీద ఆ ద్రవం గాడి వెంబడి దానంతటదే పరుగెడుతుంది. మ్యాట్ (మెరుపు లేని) పెయింటు మీద ఇదే పని చేస్తే అక్కడికక్కడే ఇంకి, చుట్టూ కాఫీ కప్పు కింద పడ్డ మరకలా వలయం మిగులుతుంది. ముప్పావు గంట తర్వాత, టర్పెంటైన్‌లో ముంచి గుడ్డకు తుడిచేసిన బ్రష్‌తో, ఒలికిన రంగును పైనుంచి కిందికి లాగండి. అడ్డంగా తుడవొద్దు. వాన నీళ్ళు ఎటు కారతాయో మురికీ అటే కారుతుంది.

ఇక్కడ జరిగే పెద్ద నష్టం ఒకటుంది. టర్పెంటైన్ ధారగా పోస్తే అది అతుకుల్లోంచి లోపలికి దిగి, పెయింటు పడని ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తుంది. చక్రాల ఇరుసులు పుటుక్కున విరిగేది అందుకే. బిగుతుగా నొక్కి అతికించిన చోట ముందు పగులుతుంది. మూడో పాఠంలో అడుగుభాగానికి కూడా ప్రైమర్ కొట్టమన్నది దీనికోసమే.

పెయింటు రాలిన చోట్లు

ఫోన్ పార్సిళ్ళలో వచ్చే నల్ల స్పాంజిని గోరంత ముక్క చింపండి. కత్తిరిస్తే అంచు తిన్నగా వచ్చి అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ముందు ఆలివ్ గ్రీన్‌లో కొంచెం బఫ్ (లేత ఇసుక రంగు) కలిపిన లేత రంగులో అద్ది, కాగితం మీద దాదాపు ఏమీ పడనంత వరకు ఒత్తి, అప్పుడు బొమ్మకు తాకించండి. అది ఆరాక ఆ మచ్చల లోపల మాత్రమే, వాటికంటే చిన్నగా, ముదురు రంగు. తామియా కంపెనీ ఎక్స్‌ఎఫ్-64 రెడ్ బ్రౌన్ రెండు వంతులు, ఎక్స్‌ఎఫ్-1 నలుపు ఒక వంతు. లేత అంచు, ముదురు నడుమ కలిస్తేనే పెచ్చు ఊడినట్టు కనిపిస్తుంది. ముదురు మచ్చ ఒక్కటే అయితే ఈగ రెట్టలా ఉంటుంది.

ఎక్కడ వేయాలి? సిబ్బంది బూట్లు, చేతులు తగిలే చోట: డ్రైవరు మూత అంచు, టరెట్ (ఫిరంగి ఉండే పై గుమ్మటం) మీది కడ్డీలు, ముందు ఫెండర్ల (ట్రాకుల పైనుండే రేకులు) మూలలు. పోత పోసిన టరెట్ నున్నటి గోడల మీద ఎవరూ నడవరు కాబట్టి అక్కడ వద్దు. రోడ్డు చక్రాలకు రబ్బరు టైరుంటుంది. దాని మీద ఇనుప మెరుపు దిద్దితే తెలిసినవాళ్ళు నవ్వుతారు. మెరుపు రావాల్సింది వెనకనున్న పళ్ళ చక్రానికి, ముందు ఐడ్లర్‌కు (ట్రాకు తిరిగే ముందు చక్రం). పెన్సిల్ గ్రాఫైట్ పొడి వేలితో రుద్దితే సరిపోతుంది.

తుప్పు విషయంలో చెయ్యి బిగించండి. నడుస్తున్న బండికి తుప్పు తక్కువ. వేడికి పెయింటు కాలిపోయే ఎగ్జాస్ట్ దగ్గర మాత్రం తప్పదు. టి-55కి అది ఎడమ ఫెండర్ మీద, వెనకవైపు ఉంటుంది. అక్కడ తుప్పు, దాని వెనక నల్లటి మసి. కుడి ఫెండర్ మీద ఇంధనం ట్యాంకులుంటాయి కాబట్టి వాటి మూతల చుట్టూ డీజిల్ ఒలికిన నల్ల మరక, కొంచెం మెరుపుతో. రెండు పక్కలా ఒకేలా మాపితే బండి ఏదో మీకు తెలియదని మీరే చెప్పుకున్నట్టు.

ఇప్పుడు మ్యాట్ వార్నిష్ కొట్టి మెరుపు చంపేయండి. ముసురు పట్టిన రోజు స్ప్రే కొడితే తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. అయితే కంగారు పడక్కర్లేదు, ఎండ కాసిన రోజు గ్లాస్ ఒక కోటింగు కొడితే చాలావరకు పోతుంది. ఆ తర్వాత మళ్ళీ మ్యాట్.

దుమ్ము

మన దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు: పెరట్లో ఎర్రమట్టి తెచ్చి చల్లేస్తారు. చంద్రగిరి వైపు చేలగట్ల మట్టి కంటికి బాగుంటుంది, కానీ మన బొమ్మ 1971 డిసెంబరు భారత్-పాక్ యుద్ధం నాటి ఛంబ్ సెక్టారు (జమ్మూ సరిహద్దు) బండి. అది మునావర్ తావి నది ఒడ్డు. అక్కడిది లేత గోధుమకు బూడిద కలిసిన ఒండ్రు. ఎర్రమట్టి పూస్తే బండి చిత్తూరు బైపాస్‌లో తిరిగినట్టుంటుంది.

పొడికి సాఫ్ట్ పేస్టెల్ సుద్దలు కొనండి. కొట్లో అడిగితే చాలాసార్లు ఆయిల్ పేస్టెల్ చేతిలో పెడతారు. అది మైనం, పొడి కాదు. గోటితో గీకి చూసి తీసుకోండి. సుద్దలను శాండ్‌పేపరు మీద అరగదీసి లేత గోధుమ మూడు వంతులు, బూడిద ఒక వంతు, చిటికెడు ముదురు గోధుమ కలపండి. పొడి బ్రష్‌తో చక్రాల చుట్టూ, ఫెండర్ల మీద, వెనక ప్లేటు మీద పెట్టి, టర్పెంటైన్ చుక్క పక్కన తాకిస్తే అది పాకి పొడిని పట్టుకుంటుంది. తడిగా ఉన్నప్పుడు రంగు మాయమైనట్టుంటుంది, 'చాల్లేదే' అని ఇంకా వేయబుద్ధవుతుంది. వేయొద్దు. ఆరాక రెండింతలు తేలుతుంది.

టర్పెంటైన్ బదులు ఇంట్లో మిగిలిన శానిటైజర్ వాడొచ్చా? వద్దు. అందులోని ఆల్కహాల్ తామియా యాక్రిలిక్‌ను కరిగించి, ఆలివ్ గ్రీన్‌తో సహా లేపేస్తుంది.

బురదకు ఇదే పొడిలో ఇసుక కలపాలి. స్వర్ణముఖి ఇసుక తెచ్చినా, నేరుగా కలిపితే ఒక్కో రేణువు గులకరాయంత అవుతుంది. కడిగి, పెనం మీద పది నిమిషాలు వేయించి, టీ వడపోతలో, ఆపైన పాత వాయిల్ గుడ్డలో జల్లించి, కింద రాలిన మెత్తటిది మాత్రమే తీసుకోండి. పొడి నాలుగు వంతులు, ఇసుక ఒకటి, మ్యాట్ మీడియం (మెరుపు లేని, రంగు లేని అతుకు ద్రవం) రెండు. పాత బ్రష్‌తో చక్రాల లోపలివైపు, పొట్ట కింద అద్దండి. ఎక్కువ మందం వద్దు, 2 మి.మీ. పొరంటే అసలు బండికి ఏడు సెంటీమీటర్ల బురద.

రెండు రోజులు మూత పెట్టి ఆరనివ్వండి. ట్రాకులు ఇంకా తగిలించొద్దు, వాటికి రంగు వేసే పద్ధతి వేరే. అది 6వ పాఠం. దానికి ముదురు గోధుమ యాక్రిలిక్, మెత్తటి టూత్‌బ్రష్ సిద్ధం చేసుకోండి.