కొత్త టూ-స్ట్రోక్ డర్ట్ బైక్‌ను ఇంట్లో ముస్తాబు చేసే ముందు

ఆయిల్: బైక్‌లో ఆయిల్ పంపు ఉందా, పెట్రోల్‌లో మనమే కలపాలా అన్నది మాన్యువల్‌లో చూడండి. కలపాల్సిన బండికి ఉత్త పెట్రోల్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. 40:1 అంటే లీటరు పెట్రోల్‌కు 25 మిల్లీలీటర్ల ఆయిల్. కంటి అంచనా వద్దు, కొలపాత్ర వాడండి.

సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్: మార్చితే కార్బురేటర్ జెట్టింగ్ (పెట్రోల్, గాలి పాళ్లను కుదిర్చే అమరిక) కూడా సరిచూడాలి. పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైతే ఇంజన్ వేడెక్కి, చివరికి అదే గతి: పిస్టన్ పట్టేస్తుంది.

హ్యాండిల్ బార్, హ్యాండ్ గార్డులు: బిగించాక హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, యాక్సిలరేటర్ వదలండి. టక్కున వెనక్కి రావాలి. కేబుల్ ఎక్కడైనా పట్టేస్తే బండి మన మాట వినదు.

స్టిక్కర్లు: ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, జిడ్డు మీద అంటవు. ప్లాస్టిక్ ట్యాంకుకు సన్నటి చిల్లులున్న స్టిక్కర్లే మేలు. పెట్రోల్ ఆవిరి ప్లాస్టిక్ గుండా కొద్దికొద్దిగా బయటకు వచ్చి, మామూలు స్టిక్కర్‌ను బుడగల్లా లేపుతుంది.

కడగడం: సైలెన్సర్ మూతి, ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) మూసేయండి. ప్రెషర్ వాషర్‌ను బేరింగుల మీదకు గురిపెట్టొద్దు, గ్రీజు కొట్టుకుపోతుంది.

పాలిష్: సీటు, టైర్లు, బ్రేక్ డిస్కుల జోలికి పోవద్దు. మెరుపు సంగతేమో గానీ, జారడం మాత్రం ఖాయం.

స్పోకులు: మొదటి రైడ్ తర్వాత వదులవుతాయి, మళ్లీ చూడండి.